సాన్ గ్లోరియో కనుమ దాకా

ఎర్మిదా లోయలోకి వచ్చేదాకా ఫ్రోయిలాన్ చూసిన వాటిల్లో అన్నిటికంటే ఎత్తైనది వాళ్ల ఊరి చర్చి గంట గోపురం.

పలెన్సియా దగ్గర గోధుమ చేల మధ్య పుట్టి పెరిగినవాడు. అక్కడ ఎటు చూసినా నేల చాపలా పరుచుకుని ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, పాత బైకు వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని, మొదటిసారి కొండల్లోకి వచ్చాడు. రోడ్డు ఒక మలుపు తిరిగింది. అంతే, రెండు పక్కలా రాతిగోడలు నిలువునా లేచాయి. తల వెనక్కి వాల్చి చూస్తే, పైన ఆకాశం పాపిడంత సన్నగా మిగిలింది.

అరవైలో పోతున్న బైకు నలభైకి, నలభై నుంచి ఇరవైకి దిగింది. అతనికి తెలియనే లేదు.

వెనక హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఎర్ర జాకెట్ వేసుకున్న ఒకమ్మాయి బైకు మీద పక్కకి వచ్చి హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"ఏమండీ, ఇది బైకు నడపడమా, పెళ్లి ఊరేగింపా?"

"చూస్తున్నానండీ..."

"చూడాలంటే బస్సెక్కండి! నా వెనక ఏడుగురున్నారు. మీ చూపులు అయ్యేదాకా వాళ్లందరూ క్లచ్ పట్టుకుని కూర్చోవాలా?"

హెల్మెట్ సందులోంచి అతనికి కనబడినవి రెండు గోధుమరంగు కళ్లు మాత్రమే. రాతిగోడల్ని చూడాలో ఆ కళ్లని చూడాలో తేల్చుకునేలోపు ఆమె, వెనక ఏడు బైకులు, బురబురమని అతన్ని దాటి వెళ్లిపోయాయి.

గంట తర్వాత పోతెస్ ఊళ్లో, తనకి చెప్పిన చిరునామా పట్టుకుని ఒక పెంకుటింటి వాకిట్లో బైకు ఆపాడు. అక్కడ అవే ఏడు బైకులు వరసగా ఉన్నాయి. ఎర్ర జాకెట్ అమ్మాయి హెల్మెట్ చంకన పెట్టుకుని లోపలికి కేకేసింది.

"అత్తా! ఊరేగింపు పెళ్లికొడుకు మనింటికే వచ్చేశాడు! ఎవరు పిలిచారు?"

"నేనే పిలిచాను. మన కొత్త మెకానిక్" అంది అప్పుడే బయటికి వచ్చిన బెనిల్దే, చేతులు తుడుచుకుంటూ. "రా నాయనా. ఇది తెల్వా, నా మేనకోడలు. దీని నోరు ఇలాగే ఉంటుంది. దీని బ్రేకులు మాత్రం బాగా పనిచేస్తాయి."

బెనిల్దే ఇరవై ఏళ్లుగా ఊరూరి నుంచీ వచ్చే బైకు యాత్రికులకి తన ఇంట్లో బస ఇచ్చి, పీకోస్ కొండల చుట్టూ ఐదు రోజుల యాత్రలు నడిపిస్తోంది. తెల్వా బైకు మీద ముందు పోతూ దారి చూపిస్తుంది. మెకానిక్ అందరికంటే చివర వస్తాడు. నాలుగు యాత్రలు చూస్తారు, ఆ తర్వాత ఉంచుకోవాలో వద్దో తెల్వా చెబుతుంది. అదీ ఒప్పందం.

మొదటి యాత్రలోనే తెల్వా అతనికి పేరు పెట్టేసింది. "మైదానం గారూ, ప్రతి మలుపులోనూ అలా నోరు తెరవకండి. ఈగలు దూరతాయి."

"అటు చూడండీ! ఆ శిఖరం పొద్దున బూడిద రంగులో ఉంది, ఇప్పుడు తేనె రంగులోకి వచ్చింది."

"అది రాయేనండీ. పొద్దున రాయి, సాయంత్రం కూడా రాయే."

"మీరు చూడకుండానే చెబుతున్నారు."

నిజంగానే ఆమె చూడలేదు. అతను కొన్నాళ్లకి గమనించిన సంగతి అది. తెల్వా కళ్లు ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాయి. మలుపులో కంకర, ఆవుపేడ, అద్దంలో వెనకవాళ్ల భుజాలు. ఎక్కడైనా ఆగినా ఆమె కొండవైపు వీపు పెట్టి మనుషుల్ని లెక్కపెడుతుంది.

ఒకరోజు శనగల కుండ కలుపుతూ బెనిల్దే అతనికి దాని కారణం చెప్పింది. "మూడేళ్ల క్రితం దీని వెనక వస్తున్న ఒకాయనకి 'అటు చూడండి, అటు చూడండి' అని ఇదే చెయ్యి చాపి చూపించింది. ఆయన చూశాడు. మలుపు చూడలేదు. ప్రాణం దక్కింది గానీ చేతికర్ర వచ్చింది. అప్పటినుంచీ ఇది తల ఎత్తదు."

ఫ్రోయిలాన్ ఆ తర్వాత ఆమెని కొండలు చూడమనలేదు. తాను చూసినవి మాత్రం సాయంత్రం బైకుల నట్లు బిగిస్తూ ఆమెకి చెప్పేవాడు. గద్ద ఒకటి తన హెల్మెట్ పక్కనుంచి కిందికి దిగిందనీ, అంటే గద్దకంటే తాను ఎత్తులో ఉన్నాననీ. తెల్వా నవ్వేది. నవ్వి, వెళ్లిపోకుండా అక్కడే కూర్చునేది.

అలా మూడు యాత్రలు గడిచాయి.

నాలుగో యాత్ర ముందురోజు, వర్క్‌షాపు గుమ్మం దగ్గరకి వచ్చిన తెల్వాకి లోపల అతను అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్న మాటలు వినబడ్డాయి. "లేదమ్మా, ఇక్కడ ఇలా ఎన్నాళ్లు ఉండగలనో తెలీదు. రోజూ గుండె ఆగినంత పనవుతోంది." ఆమె అక్కడినుంచే వెనక్కి తిరిగింది.

మర్నాడు పొద్దున బైకు మీద కూర్చుని, అతని వైపు చూడకుండా అంది. "అత్తతో చెప్పేశాను. ఈ యాత్ర అయ్యాక మీరు మీ ఊరు వెళ్లిపోవచ్చు."

"నా పని నచ్చలేదా?"

"పనికేం? బాగానే చేస్తారు."

హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ రోజు దారిలో మొదటిసారి అతను కూడా తల ఎత్తలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఏడుగురు యాత్రికులతో సాన్ గ్లోరియో కనుమ ఎక్కుతున్నారు. సగం దారిలో పొగమంచు దిగింది. మెల్లగా రావడం కాదు, ఎవరో తెల్లటి దుప్పటి విసిరినట్టు ఒక్కసారిగా. ఒకాయన బైకు అద్దం ఊడి వేలాడుతుంటే ఫ్రోయిలాన్ ఆగి బిగించాడు. వాళ్లతోబాటు వస్తున్న దోన్యా ఒబ్దూలియా, వలదోలిద్‌లో మందుల షాపు నడిపి మానేసిన అరవయ్యారేళ్లావిడ, "నేను ముందు పోతుంటాను, మీరు రండి" అని చెయ్యూపి వెళ్లిపోయింది. ఇద్దరూ మిగతావాళ్లని కలుసుకునేసరికి ఒబ్దూలియా అక్కడ లేదు.

తెల్వా బైకు ఆపి వెనక్కి నడిచి వచ్చింది. "ఒకటి, రెండు... ఆరు. ఆవిడేదీ?"

"నాకంటే ముందే వచ్చింది కదా!"

"చివరివారు మీరు! మీ వెనక ఎవరూ ఉండకూడదు! అదొక్కటే కదా మీ పని!" అది కోపం కాదని అతనికి తెలుసు.

"నేను వెళ్తాను."

"వద్దు. నా వెంట వచ్చిన మనిషి ఆవిడ. వీళ్లని ఇక్కడే ఆపి ఉంచండి."

"తెల్వా గారూ, ఇక్కడ ఆగకూడదు" అన్నాడు ఫ్రోయిలాన్ నెమ్మదిగా. "వెనకనుంచి లారీ వస్తే డ్రైవరుకి మనం కనబడేసరికి ఆలస్యం అయిపోతుంది. నేను వీళ్లని పైకి తీసుకెళ్తాను."

"ఈ మంచులోనా? మీకు ఈ కొండే తెలీదు!"

"కొండ తెలీదు. మంచు తెలుసు. మా ఊళ్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాకు కనబడేది అదొక్కటే."

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి తిన్నగా చూసింది. "తీసుకెళ్లండి" అని, బైకు తిప్పి తెల్లదనంలోకి మాయమైంది.

అతను ఆరుగుర్నీ వరసలో పెట్టాడు. "హెల్మెట్ అద్దాలు పైకెత్తండి. ముందున్న ఎర్రలైటు వదలొద్దు. రోడ్డంచు తెల్లగీత మీ కుడిపక్కే ఉండాలి. ప్రతి మలుపుకీ నేను రెండుసార్లు హారన్ కొడతాను, మీరు ఒక్కొక్కరే జవాబు కొట్టండి. ఆరు వినబడితేనే ముందుకి."

అలా ఎక్కారు. రెండు, ఆరు. రెండు, ఆరు. మనిషి నడకంత వేగం. ఒక చోట ఆవుమెడలో గంట చెవి పక్కనే మోగింది, ఆవు మాత్రం కనబడలేదు.

చివరి మలుపులో తెల్లదనం పలచబడింది. పసుపు తిరిగింది. ఉన్నట్టుండి బైకు ముందు చక్రం ఎండలోకి దూసుకొచ్చింది.

ఫ్రోయిలాన్ ఇంజిను ఆపేశాడు. వెనక ఒక్కొక్కటే ఇంజిన్లు ఆగిపోయాయి.

కింద లోయ లేదు. ఊళ్లు లేవు. వాళ్లు వచ్చిన రోడ్డు లేదు. కంటికి ఆనినంతమేరా తెల్లటి సముద్రం, అలలతో సహా కదలకుండా నిలబడి ఉంది. అందులోంచి పీకోస్ శిఖరాలు ఒక్కొక్కటే ద్వీపాల్లా పైకి వచ్చాయి. పడమటి ఎండ పడి ఆ రాళ్లు లోపలినుంచి వెలుగుతున్నట్టున్నాయి. బిల్బావో నుంచి వచ్చిన ఒక భారీ మనిషి, మాంసం కొట్టు నడిపేవాడు, దారంతా జోకులేసినవాడు, హెల్మెట్ తీసి గుండెలకి పెట్టుకున్నాడు.

అంత అందం ముందు నిలబడి ఫ్రోయిలాన్‌కి కలిగింది దిగులు. ఆమె ఇంకా ఆ సముద్రం అడుగునే ఉంది.

పావుగంట ఆమె కోసం ఎదురుచూశాడు. "మీరిక్కడే ఉండండి" అని చెప్పి బైకు కిందికి తిప్పాడు.

ప్రతి మలుపులోనూ ఇంజిను ఆపి చెవులు రిక్కించాడు. నాలుగో మలుపులో వినబడింది. ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటున్నారు.

"కదలకు పిల్లా! నలభై ఏళ్లు మందులమ్మాను, బెణకడానికీ విరగడానికీ తేడా నాకు తెలీదా?"

"అసలు మీరు రోడ్డు దిగి ఎందుకెళ్లారండీ?"

"లేడి నిలబడి ఉంది! మంచులో నా వైపే చూస్తూ! దగ్గరికి వెళ్తే విగ్రహం. అది నా తప్పా?"

తడిగడ్డిలో జారి పడ్డ తెల్వా బైకు పక్కకి ఒరిగి ఉంది. ఒబ్దూలియా తెల్వా చీలమండకి తన మెడగుడ్డ చుట్టి కడుతోంది. ఫ్రోయిలాన్‌ని చూడగానే తెల్వా అడిగిన మొదటి మాట, "మిగతావాళ్లేరీ?"

"పైన. ఆరుగురూ. ఎండలో కూర్చున్నారు."

ఆమె కళ్లు మూసుకుంది. చెంపల మీద ఉన్న తడి మంచుదో కాదో అతను అడగలేదు.

బెనిల్దేకి ఫోన్ చేసి వ్యాను తెమ్మన్నారు. తెల్వాని వెనక కూర్చోబెట్టుకుని, ఒబ్దూలియాని తన బైకు మీద ఈ వెనక లైటునే చూసుకుంటూ రమ్మని, అతను మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు. తెల్వా మొదట సీటు వెనక కడ్డీ పట్టుకుంది. రెండో మలుపు నుంచి అతని జాకెట్ పట్టుకుంది.

"ఎలాగూ వెళ్లిపోయేవారు, ఇంత చేస్తారనుకోలేదు" అంది చెవి దగ్గర.

"వెళ్లిపొమ్మన్నది మీరేగా!"

"మీరే కదా మీ అమ్మతో అన్నారు! ఉండలేననీ, గుండె ఆగిపోతోందనీ! ఉండలేని మనిషిని బలవంతాన ఉంచుకోవడం దేనికని..."

ఫ్రోయిలాన్ బ్రేకు వేసినంత పని చేశాడు. "భయంతో ఆగిపోతోందన్నానా? ఈ కొండలు చూసి అన్నాను. ఇంత చూస్తూ మామూలు మనిషిలా పని చేసుకోవడం నా వల్ల కావట్లేదన్నాను." రెండుసార్లు హారన్ కొట్టాడు. వెనక ఒబ్దూలియా జవాబు కొట్టింది. "అయినా అన్నీ కొండల గురించే కాదు."

"మరి దేని గురించి?"

"సాయంత్రాలు నట్లు బిగిస్తుంటే పక్కన కూర్చునే మనిషి గురించి. మా అమ్మ ఫోన్లో అరగంట నవ్వింది."

జాకెట్ పట్టుకున్న చేతులు ముందుకి వచ్చి అతని నడుం చుట్టూ కలుసుకున్నాయి.

మంచు పసుపు తిరిగింది. "ఇప్పుడు తల ఎత్తండి" అన్నాడు అతను. "రోడ్డు నేను చూస్తాను."

ఎండలోకి వచ్చారు. మూడేళ్లు చూడకుండా వదిలేసినదంతా ఒక్కసారి చూస్తున్న మనిషి ఊపిరి అతని వీపుకి తెలిసింది. బైకు ఆగాక కూడా ఆమె దిగలేదు. "రాయి కాదు" అంది, శిఖరాల వైపే చూస్తూ.

గంట దాటాక బెనిల్దే వ్యాను మంచులోంచి తేలింది. ఆవిడ దిగి మేనకోడలి కాలు చూసింది, ముఖం చూసింది, పక్కనే నేలమీద కూర్చున్న మెకానిక్‌ని చూసింది.

"యాత్రికులు ఏడుగురూ ఉన్నారు. సంతోషం. మరి ఇతని సంగతి ఏం తేల్చావే? పంపించెయ్యనా?"

"నేను తేల్చేదేం లేదత్తా. అతన్నే అడగాలి."

తెల్వా అతనివైపు తిరిగింది. ఇన్నాళ్ల 'మైదానం గారూ' ఆమె నోట్లోంచి రాలేదు.

"ఫ్రోయిలాన్, నువ్వు నాతో ఉండిపోతావా?"

ఆ 'నువ్వు' విని అతను లేచి నిలబడ్డాడు. చుట్టూ అంత ఆకాశం, అన్ని శిఖరాలు, అంత వెలుగు. అతను వాటిల్లో దేన్నీ చూడటం లేదు.

"ఉంటాను" అన్నాడు.

"దేవుడి దయ" అంది బెనిల్దే, కళ్లొత్తుకుంటూ. "ఇక పద, కింద పడున్న దీని బైకు వ్యానులోకి ఎక్కించు అల్లుడూ, చీకటి పడుతోంది."