రొట్టె తినని మనిషి

మైపాడు బీచ్‌లో బెన్హర్‌ని కలుసుకోవాల్సిన చోటు ఐస్‌క్రీం బండి పక్కన. ఏజెంట్ రూఫస్ టూరిస్టులా టోపీ పెట్టుకుని అక్కడే నిలబడి రెండో ఐస్‌క్రీం కూడా తినేశాడు. బెన్హర్ రాలేదు. కాస్త అవతల, ఒడ్డుకు లాగిన పడవలో వలల కుప్ప కింద నుంచి ఒక చెయ్యి కదిలింది.

రూఫస్ పరుగెత్తి వల తొలగించాడు. బెన్హరే. మెడ మీద సూది గుచ్చిన చోట ఎర్రటి చుక్క. పెదాలు నీలంగా ఉన్నాయి.

“అన్నా... రేపు రొట్టెల పండగలో... విదేశీ రొట్టె... అంకుల్ వస్తాడు...”

“మాట్లాడొద్దురా, అంబులెన్స్ పిలుస్తా.”

“విను అన్నా. రెండు మెసేజీలు. ‘పులుసు దించండి.’ ‘పులుసులో మామిడికాయ వేయండి.’ ఒకటి పంపితే ఆ తల్లీబిడ్డల్ని వదిలేస్తారు. ఇంకోటి పంపితే చంపేస్తారు.”

“ఏది దేనికి?”

బెన్హర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. అంతే, పోయాడు.

గూఢచారులకు భయం ఉండదని రాసేస్తుంటారు. రాసేవాళ్ళకేం, ఫ్యాను కింద కూర్చుని ఎన్నైనా రాస్తారు. అంబులెన్స్‌కి కబురు చేసి రూఫస్ అక్కణ్ణుంచి కదిలాడు. ఆ సూది గుచ్చినవాడు ఇంకా ఈ బీచ్‌లోనే, ఈ బజ్జీల బళ్ళ మధ్యే ఎక్కడో తిరుగుతున్నాడు. ఆటో ఎక్కేదాకా రూఫస్ తన మెడ మీద నుంచి చెయ్యి తీయలేదు.

విడవలూరు దగ్గర రొయ్యల మేత గోడౌన్ ఒకటుంది. ముందు వైపు బస్తాలు, వెనక వైపు డిపార్ట్‌మెంట్ సేఫ్ హౌస్. ఆ కంపుకి శత్రువులెవరూ రారని చీఫ్ విజయభాస్కర్ గారి నమ్మకం. మన ఏజెంట్లు కూడా రావడానికి ఏడుస్తారనుకోండి, అది వేరే సంగతి.

లోపల ఒక బస్తా మీద ముప్పై అయిదేళ్ళ మనిషి తల పట్టుకుని కూర్చున్నాడు.

“ఈయన నరేంద్రబాబు,” అన్నాడు చీఫ్. “మన కోస్టల్ రాడార్ ఇంజనీరు. భార్య భానుప్రియ, కూతురు ప్రత్యూష. సెలవులకి తల్లీ కూతుళ్ళు ఒక ద్వీప దేశానికి పోయారు. ఈయనకి లీవు దొరకలేదు. బాగుంది కదా, ఇంకొన్నాళ్ళు ఉండి వస్తామన్నారు. అక్కడే చిక్కొచ్చింది.”

“ఏం చిక్కు సార్?”

“వీసా చిక్కు,” అని గోడౌన్ మూల నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

కరుణాకుమారి. నెల్లూరులో సీబ్రీజ్ హాలిడేస్ అనే వీసా కన్సల్టెన్సీ ఆమెదే. బెన్హర్ ఆ ఆఫీసులోనే మన మనిషిగా, పైకి కారు డ్రైవరుగా ఉండేవాడు. ఆమెది తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, రొయ్యల మేత కంపుని కూడా ఓడించే సెంటు. విదేశీ ముఠాకి పనిచేసి, ఈమధ్యే మన వైపుకి వచ్చానని చెప్పుకుంటున్న డబుల్ ఏజెంట్. ఎటు నుంచి ఎటు డబులో ఇంకా ఎవరికీ తేలలేదు.

“హాలిడే వీసా మనిషికొకటి ఉండాలి,” అంది ఆమె, కౌంటర్లో కస్టమర్‌కి చెప్పినట్టే. “తల్లి వీసా మీద బిడ్డని నెట్టుకురావడం కుదరదు. తండ్రి వెంట పోకపోతే ఆయన ఒప్పుకున్నట్టు సంతకం కావాలి. రిటర్న్ టికెట్, ఇన్సూరెన్స్ చూపించాలి. ఇంకా ఉండాలంటే, గడువు తీరకముందే అక్కడే ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చెయ్యాలి. అదంతా మేం చూసుకుంటామని ముఠా మనిషి పాస్‌పోర్టులు తీసుకుంటాడు. అప్లై మాత్రం చెయ్యడు. గడువు దాటిపోతుంది. ఓవర్‌స్టే. పోలీసుల దగ్గరికి పోతే మిమ్మల్నే జైల్లో వేస్తారని బెదిరించి, ఒక ఇంట్లో పెట్టి తాళం వేస్తారు.”

నరేంద్రబాబు తలెత్తాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

“నా చేత్తో నేనే సంతకం పెట్టినాను సార్, నా బిడ్డని పంపేదానికి. నిన్న ఫోన్లో ఒకటే ఏడుపు. నాన్నా, నువ్వొచ్చి తీసుకుపో అంటుండాది. వాళ్ళకేమన్నా అయితే నేను బతకను సార్.”

చీఫ్ అతని పక్క బస్తా మీద కూర్చున్నాడు.

“ముఠాకి మన రాడార్ డేటా కావాలి. మెమరీ కార్డు రొట్టెలో పెట్టి, రేపు పండగలో ఇవ్వమన్నారు. తీసుకునేవాడు అంకుల్. వాడి మొహం ఎవరూ చూడలేదు. కార్డు అందాక వాడు మెసేజ్ పెడితే, అక్కడి వాళ్ళు తల్లీబిడ్డల్ని పాస్‌పోర్టులతో ఎయిర్‌పోర్టు దగ్గర దింపుతారు. అక్కడ మన మనిషి ఉన్నాడు. వాడు మాట నిలబెట్టుకుంటాడని నమ్మకం లేదు, వాణ్ణి పట్టుకుని ఆ మెసేజ్ మనమే పెట్టాలి. మనం ఇచ్చేది డమ్మీ కార్డు. సాయంత్రానికల్లా వాళ్ళకి తెలిసిపోతుంది. ఈలోపు తల్లీబిడ్డలు విమానం ఎక్కేయాలి.”

“ఆ మెసేజ్ ఏది?” రూఫస్ కరుణాకుమారి వైపు తిరిగాడు. “దించడమా, మామిడికాయా?”

“నాకు తెలీదు.” ఆమె కళ్ళద్దాలు తీయలేదు. రూఫస్ నమ్మలేదు.

చీఫ్ ఒక కళ్ళజోడు ఇచ్చాడు. “కార్డులో ట్రాన్స్‌మిటర్ ఉంది. అది ఎటు పోతే అటు దీంట్లో ఎర్ర చుక్క కనబడుతుంది. వాటర్‌ప్రూఫ్.”

మర్నాడు నెల్లూరు స్వర్ణాల చెరువు నిండా జనం. మొహర్రంకి వచ్చే ఆ పండగలో మతం అడిగేవాడు లేడు. కోరిక తీరినవాళ్ళు నీళ్ళలో దిగి రొట్టె ఇస్తారు. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, విదేశీ రొట్టె, ఎవరికేది కావాలంటే అది అరిచి పిలుచుకోవడమే.

రూఫస్ తలకి తువ్వాలు చుట్టి నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాడు. కావలి సండే స్కూల్లో నేర్చుకున్న ప్రార్థన మనసులో మొదలుపెట్టి, సగంలో మర్చిపోయాడు. పక్కన మస్తానమ్మ అనే పెద్దావిడ ఆరోగ్యం రొట్టె కోసం కేకలేస్తోంది.

నరేంద్రబాబు నాలుగు రొట్టెలు పట్టుకుని నీళ్ళలోకి వచ్చాడు. కార్డున్నది అన్నిటికన్నా పైనున్న రొట్టెలో.

“విదేశీ రొట్టె,” అన్నాడు. పక్కవాడికి కూడా వినబడలేదు. మళ్ళీ అరిచాడు. “విదేశీ రొట్టె!”

ఈ ప్లాను వేసినవాడు నెల్లూరు వాడు కాదని ఆ క్షణమే తేలిపోయింది. విదేశీ రొట్టె అని కేక వినబడితే ఒక్కడొచ్చి మర్యాదగా తీసుకుపోతాడా? చెరువులో సగం మంది మీద పడ్డారు. నీళ్ళు చిమ్మాయి, తువ్వాళ్ళు ఊడాయి, నరేంద్రబాబు మునిగి లేచాడు. లేచేసరికి చేతులు ఖాళీ.

“ఎవరో లాక్కున్నారు! మొహం చూడలేదు సార్!” ఇయర్‌పీస్‌లో అతని ఏడుపు వినబడింది.

రూఫస్ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎర్ర చుక్క లేదు. అద్దాల్లోకి నీళ్ళు దిగాయి. వాటర్‌ప్రూఫ్ అన్న మాట డబ్బా మీద రాసి ఉంది, అంతవరకే.

చుట్టూ రొట్టెలు పట్టుకున్న చేతులే. ఇందులో ఒకటి అంకుల్‌ది. వాడు గట్టెక్కి జనంలో కలిశాడంటే అక్కడ ఆ పసిబిడ్డ పని అయిపోయినట్టే. రూఫస్ ఒక్కొక్క మొహమే చూస్తూ పోయాడు. ఒక కుర్రాడు రొట్టె కళ్ళకద్దుకుని తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కొత్త పెళ్ళికూతురు మొగుడికి ముక్క తినిపిస్తోంది. ఇక్కడ రొట్టె దొరికిందంటే ఆ నీళ్ళలోనే తినాలి. తింటేనే కోరిక తీరేది. చంటిపిల్లకి తెలుసు ఆ సంగతి.

ఒక పెద్దమనిషి మాత్రం తినలేదు. లుంగీ, నెరిసిన మీసం, తలకి తువ్వాలు, అచ్చం మన పక్కింటాయనలా ఉన్నాడు. రొట్టెని ఒక జిప్ కవర్లో పెట్టి, బొడ్లో దోపుకుని గట్టు వైపు నడుస్తున్నాడు.

“ఏందయ్యా, రొట్టె తినకుండానే పోతుండావే?” మస్తానమ్మ వాణ్ణి ఆపేసింది. “మొక్కు చెడిపోద్ది. తిను సామీ, తిను!”

వాడు నవ్వాడు. “ఇంటికి పోయి తింటానమ్మా.”

“ఇంటికి పోయి తినేది ఏంది? నీదేవూరు?”

వాడి చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. బయటికొచ్చింది పెన్ను. పెన్ను చివర సూది. ఆ ముసలామెకి అడుగు దూరం. రూఫస్ ఆలోచించలేదు, ఆలోచిస్తే భయపడి ఆగిపోయేవాడు. వాడి మీదికి దూకాడు. ఇద్దరూ నీళ్ళలో మునిగారు. ఏమీ కనబడలేదు, బురద తప్ప. వాడి చెయ్యి ఉక్కులా ఉంది. సూది తన మెడ వైపు వస్తున్నట్టు రూఫస్‌కి తెలుస్తూనే ఉంది. ప్రాణమంతా బిగబట్టి ఆ మణికట్టు వెనక్కి తిప్పేశాడు. అంకుల్ ఒక్కసారి ఎగిరిపడ్డాడు. సూది వాడి తొడలోనే దిగింది.

“కళ్ళు తిరిగాయమ్మా పెద్దాయనకి,” అంటూ రూఫస్ వాణ్ణి గట్టుకి లాగాడు. డిపార్ట్‌మెంట్ డాక్టరు విరుగుడు ఇంజెక్షన్ వేశాడు. ప్రాణం నిలబడింది. తెలివి మాత్రం రాలేదు.

అసలు భయం అప్పుడు మొదలైంది. అంకుల్ బొడ్లో ఉన్న జిప్ కవర్లోంచి ఫోన్ తీసి, వాడి వేలే పెట్టించి తెరిచాడు రూఫస్. తెర మీద మెసేజ్ ఉంది. “పులుసు ఏమైంది?” చూస్తుండగానే మళ్ళీ అదే మెసేజ్. దాని వెనకే ఇంకొకటి. “జవాబు లేకపోతే ఇక్కడ పని ముగించేస్తున్నాం.”

“చీఫ్, ఏది పంపమంటారు?”

“నువ్వు స్పాట్‌లో ఉన్నావు రూఫస్. నీ ఇష్టం,” అన్నాడు చీఫ్ ఇయర్‌పీస్‌లో. పై అధికారులు ఎప్పుడు మన ఇష్టం అడుగుతారో అందరికీ తెలిసిందే.

నరేంద్రబాబు తడిబట్టలతో వచ్చి రూఫస్ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “మీకు దండం పెడతా అన్నా. తప్పు పంపొద్దన్నా.”

డాక్టరు వెంట వచ్చి గొడుగు కింద నిలబడ్డ కరుణాకుమారి ముందుకొచ్చింది. “దించండి అని పంపు.”

“నిన్న తెలీదన్నావు.”

“అబద్ధం చెప్పాను. మా అమ్మ ఎలిశబెతమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉంది. నా చేతే వీసా తీయించి, హాలిడే అని తీసుకుపోయారు. నోరు తెరిస్తే అమ్మని చంపుతామన్నారు.”

“ఇదీ అబద్ధం కాదని ఏంటి నమ్మకం?”

ఆమె కళ్ళద్దాలు తీసింది. వారం రోజులుగా నిద్రలేని కళ్ళు.

“బెన్హర్ పేరు వాళ్ళకి చెప్పింది నేనే,” అంది. “అమ్మ మెడ మీద కత్తి పెట్టి వీడియో పంపారు. చెప్పేశాను. చంపుతారని తెలిసే చెప్పాను. ఇప్పుడు నీకు చెప్తున్నాను. ఇక నేను బయట తిరగననీ తెలుసు. పంపు రూఫస్. మా అమ్మ ముసల్ది.”

రూఫస్‌కి ఆమె గొంతు పిసకాలనిపించింది. కానీ తప్పించుకోవాలనుకునేవాళ్ళెవరైనా, అడగని హత్య నెత్తిన వేసుకుంటారా? టైపు చేశాడు. పులుసు దించండి. కళ్ళు మూసుకుని నొక్కేశాడు.

జవాబు రాలేదు. నరేంద్రబాబు గట్టు మీద వాంతి చేసుకున్నాడు. చెరువులో జనం అరుపులు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. రూఫస్ ఆ ఫోన్‌నే చూస్తూ నిలబడ్డాడు. ఒక అమ్మనీ బిడ్డనీ తన వేలితో చంపేశానేమోనని ఒళ్ళంతా చల్లబడింది.

ఎంతసేపో. ఇయర్‌పీస్ గరగరమంది.

“ఎయిర్‌పోర్టు నుంచి రిపోర్ట్. వ్యాను ఆగింది. ఒక ఆడమనిషి, ఒక పాప, ఒక ముసలావిడ దిగారు. పాస్‌పోర్టులు చేతిలో ఉన్నాయి. వ్యానులో వాళ్ళని పట్టుకున్నాం.”

నరేంద్రబాబు బిగ్గరగా ఏడ్చాడు. రూఫస్ కూడా ఏడ్చాడు, చెరువు నీళ్ళలో తడిసినవాడు గనక ఎవరికీ తెలియలేదు. కరుణాకుమారి బేడీల కోసం రెండు చేతులూ ముందుకు చాపింది.

ఓవర్‌స్టే పేచీ మన రాయబార కార్యాలయం తీర్చాక, ముగ్గురూ చెన్నై ఎయిర్‌పోర్టులో దిగారు. ప్రత్యూష పరుగెత్తుకొచ్చి తండ్రి మెడ పట్టుకుంది, ఎంత చెప్పినా వదల్లేదు. భానుప్రియ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నరేంద్రబాబు కూడా పక్కనే కూర్చున్నాడు. జనం పక్క నుంచి తప్పుకుని పోతున్నారు.

వెనక చేతిసంచీతో ఎలిశబెతమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసింది.

“మా పాప రాలేదా నాయనా?”

“రాలేకపోయిందమ్మా,” అన్నాడు రూఫస్. “నెల్లూరులోనే ఉంది. కొన్నాళ్ళు అక్కడే ఉంటుంది.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అర్థమైంది కాబోలు, సంచీ నేల మీద పెట్టేసింది.

“నన్ను చూడనిస్తారా నాయనా? దానికి మళ్ళా వీసా గీసా ఏమన్నా కావాల్నా?”

“వీసా అక్కర్లేదమ్మా,” అన్నాడు రూఫస్, ఆవిడ సంచీ అందుకుంటూ. “సొంత మనుషులైతే చాలు, ఆధార్ చూసి లోపలికి పంపిస్తారు. ఓవర్‌స్టే మాత్రం ఒప్పుకోరు.”