చెప్పుకోని తమ్ముడు

మాలతి పుంగనూరు నుంచి మొదటి బస్సుకే మదనపల్లె చేరింది. తమ్ముడు జగదీష్ వరండాలో ఇడ్లీ తింటున్నాడు. చిన్నతమ్ముడు నాగరాజు మాత్రం కనబడలేదు. నలభై ఏళ్లొచ్చినా వాడిది పదేళ్ల పిల్లవాడి బుద్ధి. అక్క గొంతు వింటే గేటు దాకా ఉరికొచ్చేవాడు.

"నాగరాజు యాడప్పా?"

"యాడికో పోయినాడు. నాలుగు దినాలైంది," అన్నాడు జగదీష్, చట్నీ వేసుకుంటూ.

మాలతి చేతిలోని సంచీ అక్కడే పడేసింది. "కంప్లయింట్ ఇచ్చినావా?"

"మా రమ్యశ్రీకి సంబంధం కుదిరే టయాన, ఇంట్లో ఇట్లాంటోడు ఉండాడని ఫోటో వేసి ఊరంతా సాటుకోమంటావా? వస్తాడులే. అయినా ఇంత లేటయినాక పోలీసులు తీసుకోరు."

ఆమె తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. ఇస్త్రీ చొక్కా, నుదుటన విభూతి. చిన్నప్పుడు తను అన్నం కలిపి పెట్టింది వీడికా అనిపించింది.

"కోర్టులో ఇరవై ఏండ్లు టైపు కొట్టినా. నాకా సట్టం చెప్పేది? మనిషి కనబడలేదంటే ఎప్పుడు పోయినా రాసుకోవాల్సిందే. యాడ తప్పిపోయినా ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. నీ ఆవు తప్పిపోయింటే ఈపాటికి నాలుగు మండలాలు తిరిగింటావు. కారు తీయి."

"ఈడ నన్నందరూ ఎరుగుదురక్కా..."

"పుంగనూరులోనే ఇస్తాంలే. నీ పరువుకేం కాదు."

పుంగనూరు స్టేషన్లో రైటర్ ఓపిగ్గా ఎత్తు, రంగు, పుట్టుమచ్చలు రాసుకున్నాడు. "ఫోటో ఇస్తే అన్ని స్టేషన్లకూ పోతుందమ్మా," అన్నాడు.

జగదీష్ ఫోనులో తమ్ముణ్ణి తీసిన ఫోటో ఒక్కటీ లేదు. మాలతి వాణ్ణి ఈసడింపుగా చూసి తన ఫోను తీసింది. కొడుకు మనోజ్ పెళ్లి ఫోటోలు మూడొందలున్నాయి. ఒక్కదాంట్లోనూ నాగరాజు లేడు. ఆ రోజు వాణ్ణి ఇంట్లోనే వదిలి రమ్మని జగదీష్‌కు చెప్పింది తనే. ఆమె తలెత్తలేకపోయింది. చివరికి జగదీష్ ఫోనులో ఉన్న నాగరాజు వికలాంగుల పింఛను కాగితం మీది ఫోటోనే ఇచ్చారు.

సాయంత్రానికి కుప్పం నుంచి కబురొచ్చింది. రైల్వే స్టేషన్లో దొరికిన మనిషిని అక్కడి పోలీసులు ఒక ఆశ్రమంలో ఉంచి, వాడి ఫోటో దొరికిన రోజే అన్ని స్టేషన్లకూ పంపారట. వెతికే ఇంటివాళ్లే ఇన్నాళ్లూ లేకపోయారు.

"మీ వాళ్లెవరప్పా అని రోజూ అడిగినామమ్మా. నోరు తెరవలా," అంది ఆశ్రమం చూసుకునే విక్టోరియా, రాత్రికి కుప్పం చేరిన అక్కాతమ్ముళ్లతో.

నాగరాజు వచ్చి అన్న చేయి పట్టుకున్నాడు. "నేను చెప్పలేదన్నా. ఎవరడిగినా మా ఇంటోళ్ల పేర్లు చెప్పొద్దంటివి గదా. కొంచెం గూడా చెప్పలా." మెచ్చుకుంటాడని అన్న మొహంలోకి చూశాడు.

జగదీష్ నేల మీద కూలబడ్డాడు. తమ్ముడి మోకాళ్లు పట్టుకుని ఏడ్చాడు. మాలతికి జగదీష్ మీద జాలి కలగలేదు. తన మీదా కలగలేదు. అయినా వాడి పక్కనే కూర్చుంది.

"నాగరాజూ, మేమెవరమో ఈయమ్మకు చెప్పు," అంది.

వాడు అన్నకేసి భయంగా చూసి గొణిగాడు.

"గట్టిగా చెప్పప్పా," అన్నాడు జగదీష్, కళ్లు తుడుచుకోకుండానే.

"మా అన్న జగదీష్. మా అక్క మాలతి," అని ఆశ్రమమంతా వినబడేట్టు చెప్పాడు నాగరాజు.