వరదానం గారి లాగిన్

తాడేపల్లిగూడెంలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి మంచి పేరు లేదు. చీకటి పడితే వాచ్‌మన్ కూడా ఆ వరండా ఎక్కడు. గేటు దగ్గర్నుంచే టార్చి కొట్టి, చూసొచ్చానంటాడు. నేను అక్కడే పాఠాలు చెబుతాను, దెయ్యాల్ని నమ్మను. కానీ పొద్దుగూకాక ల్యాబ్‌లో పనుంటే మాత్రం రేపు చూసుకుందాంలే అనిపిస్తుంది.

అంతా మూలనున్న ఆ సిస్టం వల్లే. అది వరదానం గారిది.

వరదానం గారు ల్యాబ్ ఇన్‌ఛార్జి. మహా చాదస్తం మనిషి. ఒకళ్ల పాస్‌వర్డ్ ఇంకొకళ్లు వాడుతున్నారని తెలిస్తే చాలు, చప్పుడు లేకుండా వెనక నిలబడి, “ఎవరి లాగిన్ వాళ్లదేనండి. అదే మర్యాద,” అనేవారు. తిట్టినా అంత సిగ్గుగా ఉండేది కాదు. నిరుడు ఆయన పోయారు. ఆ కుర్చీలోనే పోయారనీ, కొడుకొచ్చి “నాన్నా... లెగు నాన్నా...” అంటూ కుదిపాడనీ, ఆ పిలుపు రాత్రిళ్లు ఇప్పటికీ వినబడుతుందనీ చెప్పుకుంటారు.

ఇక షారోన్ సంగతి. ఆ పిల్లే తర్వాత నాకు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ప్రాజెక్టు ఇవ్వాలి. ల్యాబ్ సర్వర్ మీద ఒక్కొక్కరికి ఇన్ని గంటలని ఉంటుంది. షారోన్ గంటలు అయిపోయాయి, పని మిగిలిపోయింది. స్నేహితురాలు అఖిల ల్యాబ్ తలుపు తీసే తన కార్డు చేతిలో పెట్టి, పాస్‌వర్డ్ చెవిలో చెప్పింది.

“ఎవరు చూస్తారే, వెళ్లు.”

దొరికితే రూలు ప్రకారం ఇద్దరి లాగిన్లూ ఆపేస్తారు. షారోన్‌కి ఏడాది పోతుంది. అయినా ఆ రాత్రే వెళ్లింది.

లైటు వెయ్యలేదు. తలుపు దానంతటదే వెనక మూసుకుంది. అఖిల పేరుతో కూర్చుని, ఎలాగో పని ముగించి, ప్రాజెక్టు పంపేసింది. హమ్మయ్య అనుకుని తలుపు దగ్గర కార్డు పెట్టింది—

ఎర్ర లైటు.

మళ్లీ పెట్టింది... ఎర్ర లైటే.

హాస్టల్ గేటు మూశాక పిల్లల కార్డులు పనిచెయ్యవు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కిటికీలకి ఊచలు. వాచ్‌మన్‌ని పిలిస్తే ముందు అడిగేది కార్డు ఎవరిదనే. అఖిలకి ఫోన్ చేద్దామంటే చార్జింగ్ లేదు. తెల్లారేదాకా ఇక్కడే.

తలుపుకి ఆనుకుని కూలబడింది. ఏసీ ఆగిపోయింది. గోడ మీద రూల్స్ బోర్డు మసగ్గా కనబడుతోంది. దోమల రొద తప్ప ఇంకేమీ లేదు.

తెల్లవారుజామున ఎప్పుడో... మూల సిస్టం వెలిగింది.

ఎవరూ ముట్టుకోలేదు. తెర మీద ఒక పేరు — వరదానం. దాని కింద ఒక అంకె. చూస్తుండగానే తగ్గింది. ఇంకాస్త తగ్గింది... అది దేని లెక్కో షారోన్‌కి తెలియదు. తన లెక్కే అనిపించింది.

అంతలో గొంతు.

“నాన్నా... లెగు నాన్నా...”

కుర్రవాడి గొంతు. కంగారు పడుతున్న గొంతు.

“నాన్నా... లెగు నాన్నా...”

“ప్రభువా... ప్రభువా...” అంటూ షారోన్ చెవులు మూసుకుంది. గొంతు ఆగలేదు. తలుపు బాదింది. ఎవరూ రాలేదు. అంకె తగ్గుతోంది, గొంతు పిలుస్తూనే ఉంది. ఇంక భరించలేకపోయింది. కళ్లు మూసుకుని గోడ వెంట తడుముకుంటూ ఆ మూలకి వెళ్లి, ప్లగ్గు పట్టుకుని పీకేసింది.

చీకటి. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయమేసింది, మేడమ్ — అంది నాతో.

తెల్లారాక ఊడ్చే సూరమ్మ తలుపు తీసింది. “నువ్వేంటమ్మా ఇక్కడ?” అంటున్నా వినిపించుకోకుండా షారోన్ వరండాలోకొచ్చి పడింది. ఎదురుగా వీరేంద్ర పరిగెత్తుకొస్తున్నాడు. ల్యాబ్ పనుల్లో సాయం చేసే సీనియర్ అతను. సరాసరి మూలకి పోయి, ఊడిన ప్లగ్గు చేతిలోకి తీసుకుని తల పట్టుకున్నాడు.

“ఎవరు పీకారండీ దీన్ని? మా చెరువు పోయిందండీ!”

కైకలూరు దగ్గర వాళ్ల నాన్న వీర్రాజుకి రొయ్యల చెరువుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. వెంటనే లేచి, నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వెయ్యాలి. వీర్రాజుది మొద్దునిద్ర. అందుకని వీరేంద్ర చెరువులో ఆక్సిజన్ కొలిచే ఓ మీటరు పెట్టి, దాన్ని ఈ సిస్టానికి కలిపాడు. అంకె తగ్గితే తను రికార్డు చేసిన గొంతుతో నాన్నకి ఫోన్ వెళుతుంది. ఆయన లేచి మీట నొక్కేదాకా పిలుస్తూనే ఉంటుంది. స్పీకర్ ఆపడం మరిచాడు. తెల్లారి తన ఫోన్‌కి అంకె రాకపోయేసరికి పరిగెత్తుకొచ్చాడు. సొంత పనికి కాలేజీ సిస్టం వాడకూడదు కాబట్టి తన పేరు పెట్టలేదు. ల్యాబ్ పని కోసం ఆఫీసు వాళ్లు తనకిచ్చిన వరదానం గారి లాగిన్ ఉంది, ఆయన పోయినా దాన్ని ఎవరూ మూయలేదు. అన్నట్టు, ఆయన పోయింది ఏలూరు ఆసుపత్రిలో. కుర్చీలో కాదు.

గుమ్మంలోంచి వింటున్న షారోన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంతేనా! మరుక్షణం చెరువు గుర్తొచ్చింది. తన భయానికి ఆ ఇంటి పంటంతా పోయిందేమో.

వీరేంద్ర నాన్నకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

“నాన్నా... రొయ్యలు?”

“బానే ఉన్నాయిరా. టయానికే లేపారుగా.”

“ఎవరు?”

“ఎవరో పెద్దాయన్రా. రోజూ వచ్చే నంబరే. ‘ఏవండీ వీర్రాజు గారూ, లెగండి, ఏరియేటర్లు వేసుకోండి’ అన్నారు. ఎంత నెమ్మదస్తుడో.”

వీరేంద్ర చేతిలోని ప్లగ్గు వంక చూశాడు.

“పెట్టేసేముందు ఓ మాటన్నార్రా, నాకేం అర్థం కాలేదు. ‘ఎవరి లాగిన్ వాళ్లదేనండి, మీవాడికి చెప్పండి’ అన్నారు. ‘తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయికి కూడా చెప్పమనండి’ అన్నారు... ఏ అమ్మాయిరా?”

వీరేంద్ర మెల్లగా తలతిప్పాడు. షారోన్ గుప్పిట్లో అఖిల కార్డు చెమటకి తడిసిపోయి ఉంది.