రన్‌వే మీద కొవ్వొత్తులు

కృత్తివెన్ను దగ్గర మేం కౌలుకి చేస్తున్న రొయ్యల చెరువుల పక్కన ఒక సిమెంటు రన్‌వే ముక్క ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్లు కట్టుకున్న విమానాల స్థావరంలో మిగిలింది అదే. వాళ్ల దేశం ఎక్కడో, వాళ్లు కొట్లాడింది ఎక్కడో బర్మాలో. బాంబులూ పెట్రోలూ నింపుకోడానికి మాత్రం మా ఉప్పునేలలే దొరికాయి. ఇప్పుడు దాని మీద మేం మేత బస్తాలు దించుకుంటాం.

మా ఆయన మొహసిన్ వాళ్ల తాత నాగుల్ మీరా అక్కడ దీపాల కూలీ. చీకటిపడ్డాక దిగే విమానాల కోసం రన్‌వేకి రెండు వైపులా లాంతర్లు వెలిగించేవాడట. ఒకరోజు శత్రువుల విమానం వస్తోందని దొరలు కంగారుపడి దీపాలన్నీ ఆర్పించారు. తీరా వచ్చింది వాళ్ల విమానమే. పైన తిరిగి తిరిగి, దారి కనబడక సముద్రంలో పడిపోయింది.

ఈ ఏడాది షబే బరాత్ నాడు మా ఆయన పోయినవాళ్ల సమాధుల దగ్గర దీపాలు పెట్టడానికి ఖబరస్తాన్‌కి బయల్దేరుతుంటే అత్తమ్మ ఆపింది.

"మనవాళ్లకి మనం వెలిగిస్తాం. ఆ విమానంతో నీళ్లలో పోయిన పిల్లలకి ఎవరున్నారురా? ముందు రన్‌వే మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టి దువా చెయ్యి."

"సమాధే లేనివాళ్లకి కూడానా అత్తమ్మా?" అని నవ్వాను. ఖబరస్తాన్‌కి మా ఆడవాళ్లం వెళ్లం. దీనికైతే వెళ్లొచ్చు కదా అని నేనే ముందు బండెక్కి కూర్చున్నాను.

మగ్రిబ్ నమాజు అయ్యి అప్పుడే చీకటి పడుతోంది. మబ్బు పట్టి పున్నమి చంద్రుడు కూడా కనబడట్లేదు. నాలుగు చాలంటే మా ఆయన వింటేగా! ఏం చేసినా పద్ధతిగా ఉండాలి ఆయనకి. అటొక వరస, ఇటొక వరస, తాడు పట్టినట్టు పెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది.

గాలి లేదు. అయినా మంటలన్నీ ఒక్కసారే ఇటువైపు వాలాయి. పెట్రోలు వాసన... ఎక్కడో హోరు. చెరువుల దగ్గర జనరేటరేమో అనుకున్నాను. కాదు. పైనుంచి వస్తోంది... గుండ్రంగా తిరుగుతోంది.

అప్పుడు తెలిసింది మేం చేసిన పొరపాటు. రెండు వరసలు పెట్టి దిగడానికి దారి చూపించాం.

మా ఆయన సరిగ్గా రన్‌వే మధ్యలో నిలబడి పైకి చూస్తున్నారు.

"ఏమండీ... పక్కకి రండి..."

"ఆగు ఖదీజా," గుసగుసగా అన్నారు. "దిగుతున్నారు... పాపం, ఎన్నాళ్లకి..."

చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. హోరు కిందికి దిగుతోంది. ఆయన మీదికే వస్తోంది. ఇంక ఆలోచించలేదు. పరుగెత్తి కొవ్వొత్తులన్నీ కాలితో తన్నేశాను. ఒక వరస... రెండో వరస... ఆఖరిది ఆరగానే హోరు ఆగిపోయింది.

చీకటి. కప్పల అరుపు కూడా లేదు.

"ఏమండీ..."

ఒక చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. చల్లగా, తడిగా. అల్లా, బతికించావు అని ఏడ్చేశాను. బండి సంగతే మర్చిపోయి, ఆ చెయ్యి వదలకుండా రోడ్డు వైపు నడిచాను. "హల్వా తిని ఇంట్లో కూర్చోక మనకెందుకండీ ఇవన్నీ?" అని దారంతా తిడుతూనే ఉన్నాను. ఆయన పలకలేదు. బాగా భయపడ్డారులే అనుకున్నాను.

రోడ్డు ఇంకా దూరం ఉండగా నా ఫోన్ మోగింది. మా ఆయన నంబరు.

"ఖదీజా, ఎక్కడున్నావు?" ఆయన గొంతే. వెనక అలల చప్పుడు. "దీపాలెందుకు ఆర్పేశావు? ఏమీ కనబడట్లేదు... చుట్టూ నీళ్లే..."

ఫోన్ వెలుగు పక్కకి తిప్పి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. నన్ను పట్టుకున్న చెయ్యి ఇంకాస్త బిగిసింది.