లేని తాడుతో తోడిన నీళ్ళు

ఆమోసు బావిలోకి దిగింది మే పన్నెండున, ఉదయం తొమ్మిదీ ఇరవైకి. శవమై పైకి వచ్చింది తొమ్మిదీ యాభై అయిదుకి.

అది పన్నెండడుగుల వరల బావి. అడుగున నీళ్ళు మోకాటి లోతు కూడా లేవు. మునిగి చావడానికి ఆ నీళ్ళు చాలవు.

మోటారు పైపు చివర ఫుట్‌వాల్వ్ పాడైంది. బాగు చేద్దామని దిగాడు. నడుముకి తాడు కట్టుకుని మరీ దిగాడు. రెండు నిమిషాలకి దగ్గు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. పైన ఉన్న భార్య శౌరమ్మ తాడు పట్టి లాగింది. ఒక్కదాని వల్ల కాలేదు. కేకలకి నలుగురూ పోగయ్యేసరికి ఆలస్యమైంది.

ఆమోసు బోర్లు వేసే ముఠాలో పని చేసేవాడు. ఆ ప్రాంతంలో ఒకచోట తియ్యటి నీళ్ళు పడతాయి, పది గజాల అవతల ఉప్పునీళ్ళు పడతాయి. కొత్త బోరులో నీళ్ళు పడగానే మొదటి దోసెడు నోట్లో పోసుకుని, ఉప్పో తీపో చెప్పడం అతని పని. అంతకుముందు అతని తండ్రి చేసిన పని. కంకిపాడు చుట్టుపక్కల ఆమోసు నాలుక తప్పిందని అన్నవాళ్ళు లేరు.

అలాంటివాడిని నీళ్ళే మింగాయి.

బావికి నలభై అడుగుల దూరంలో ప్రహరీ గోడ. గోడకి అవతల సముద్రశ్రీ బయోప్రొడక్ట్స్. కొత్తలంకపాలెంలో అందరూ దాన్ని తొక్కల ఫ్యాక్టరీ అంటారు. రొయ్య తొక్కల్ని యాసిడ్‌లో నానబెట్టి, కడిగి, పొడి చేసి విదేశాలకు పంపుతారు. కడిగిన నీటిని అక్కడే శుద్ధి చేసి ఆవిరి చేయాలి. ఒక్క చుక్క నేలలోకి దిగకూడదు. పర్మిట్‌లో మొదటి షరతు అదే. ఫ్యాక్టరీ లోపల ఒక పాత బోరు ఉందనీ, మురుగంతా అందులోకే పంపు చేస్తున్నారనీ ఊరంతా చెబుతుంది. కళ్ళారా చూశానని సంతకం పెట్టేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఎస్.ఐ. కృప ఆ సాయంత్రం అయిదూ పదికి తాడు, బకెట్టు, గిలక సీజ్ చేసి స్టేషన్‌లో పెట్టించింది. మర్నాడు నీటి శాంపిల్ తీయడానికి ప్రైవేటు ల్యాబ్ నుంచి ఫిలిప్ అనే టెక్నీషియన్ వచ్చాడు. ఆ రోజు కృపకి గన్నవరంలో బందోబస్తు డ్యూటీ. సాక్షిగా హెడ్ కానిస్టేబుల్ బాలశౌరిని పంపింది.

పోస్ట్‌మార్టం రిపోర్టు త్వరగానే వచ్చింది. విషవాయువు పీల్చి ఊపిరాడక చనిపోయాడు. ఆ వాయువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సింది ఇక నీళ్ళే.

నీళ్ళ రిపోర్టు జూన్ ఇరవై మూడున చేతికొచ్చింది. కృప రెండుసార్లు చదివింది. యాసిడ్ లేదు. విషవాయువు జాడ లేదు. నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, అరవై రెండు. కింద ఒక ముక్క: తాగడానికి యోగ్యం.

మనిషిని చంపిన నీళ్ళకి ఇచ్చిన సర్టిఫికెట్ అది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ శాంపిల్ తీద్దామంటే బావి లేదు. పిల్లలు పడతారని శౌరమ్మే పంచాయతీని బతిమాలి మే ఇరవై ఒకటిన పూడ్పించింది. మట్టి ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వాళ్ళు ఉచితంగా పంపారు. అడగకుండానే పంపారు. జూన్‌లో కాలవలు వదిలారు. ఊట మారిపోయింది. ఇప్పుడు కొత్తగా బోరు వేసి చూసినా మేలో ఉన్న నీళ్ళు దొరకవు.

ఇరవై అయిదో తేదీ పదకొండింటికి విజయవాడలో కాలుష్య నియంత్రణ బోర్డు హియరింగ్. ఫ్యాక్టరీ పర్మిట్ అయిదేళ్ళకి పొడిగించాలా, లేక ఆపి, భూగర్భజలం శుభ్రం చేసి ఆమోసు కుటుంబానికి పరిహారం ఇమ్మనాలా అన్నది అక్కడ తేలుతుంది. శాంపిల్‌ని ఫ్యాక్టరీ మార్పించిందని ఆలోపు రుజువు చేయాలి. చేతిలో ఉన్నది ఒక్క రోజు.

ఇరవై నాలుగు ఉదయం ఎనిమిదింటికే బాలశౌరిని ఎదురుగా కూర్చోబెట్టింది. ఆయన ఆమె కన్నా ఇరవై ఏళ్ళు పెద్ద.

"సీల్ వేసింది ఎన్నింటికి, శౌరి గారూ?"

"పదకొండూ నలభైకి మేడమ్."

"ల్యాబ్‌లో ఇచ్చింది?"

"ఒంటిగంటన్నరకి."

"గంటా యాభై నిమిషాలు ఎందుకు పట్టింది?"

"బెంజి సర్కిల్లో టీ తాగాం మేడమ్. పెట్టె నా ఒళ్ళోనే ఉంది. లక్క చెక్కు చెదర్లేదు."

"నీళ్ళు తోడుతుంటే మీరు చూశారా?"

బాలశౌరి మీసం సర్దుకున్నాడు. శామియానా కింద కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నానని, సీసాలు నిండాక సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు. ఆమోసు పోయిన మర్నాడది. ఇంటి నిండా చుట్టాలున్నారు.

లక్క ముద్రలు సరిపోయాయి. ల్యాబ్ రిజిస్టర్‌లో నంబర్లు సరిపోయాయి. మరి మార్పు ఎక్కడ జరిగింది?

కృప కంకిపాడులో వాటర్ ఫిల్టర్లు బాగుచేసే షాపుకి వెళ్ళింది. టీడీఎస్ కొలిచే పెన్నులాంటి మీటరు అరువు తెచ్చుకుంది. కొత్తలంకపాలెంలో మూడు బోర్లలో ముంచింది. పద్దెనిమిది వందలు, రెండు వేల నూట యాభై, పంతొమ్మిది వందలు. కాలవలో ముంచింది. మూడు వందల నలభై. ఆ నేలలో అరవై రెండు అనే అంకె పుట్టదు.

చివరికి ఒక ఇంటి అరుగు మీదున్న ఇరవై లీటర్ల డబ్బాలో ముంచింది.

అరవై ఒకటి.

డబ్బా మీద నీలం రంగు చేప బొమ్మ ఉంది. ఏడాదిగా ఊరందరికీ సముద్రశ్రీ వాళ్ళు ఉచితంగా పంచుతున్న మంచినీళ్ళు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బోర్లు పాడయ్యాయని ఎవరూ అనకముందే మొదలెట్టిన ధర్మం.

దొరికారనుకుంది. ఆ సంగతి తర్వాత చాలా రోజులు గుర్తొచ్చి బాధపడింది.

సాయంత్రం నాలుగింటికి ఆమోసు ఇంటి అరుగు మీద అందరినీ పోగుచేసింది. ఫిలిప్, బాలశౌరి, ఫ్యాక్టరీ మేనేజర్ హర్షవర్ధన్, శౌరమ్మ. గుమ్మం పక్కన నులకమంచం మీద ఆమోసు తల్లి రావమ్మ. డెబ్భై దాటిన మనిషి.

కృప పంచనామా తీసి చదివింది. "మా సమక్షంలో తాడు, బకెట్టు సాయంతో బావిలో నీరు తోడి..." అక్కడ ఆగింది.

"ఏ తాడు, ఫిలిప్ గారూ?"

"బావి దగ్గరున్న తాడే మేడమ్."

కృప తను సీజ్ చేసిన వస్తువుల లిస్టు తీసి దాని పక్కనే పెట్టింది. దాని మీద సంతకం తనదే. తారీఖు మే పన్నెండు. టైము అయిదూ పది.

"మీరొచ్చింది పదమూడున. అప్పటికి ఆ తాడూ బకెట్టూ నా స్టేషన్‌లో ఉన్నాయి. గిలక కూడా. మోటారు ఊడదీసి ఉంది. ఆ రోజు ఈ బావిలోంచి గ్లాసెడు నీళ్ళు తీయడానికి కూడా దారి లేదు."

నెలన్నరగా ఆ రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

"సీసాల్లో ఉన్నవి డబ్బా నీళ్ళు. ఎవరు పోయమన్నారు? హర్షవర్ధన్ గారా?"

హర్షవర్ధన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫిలిప్ ముఖం పాలిపోయింది. నిజం చెప్పేశాడు.

తను బావి దగ్గరికే పోలేదన్నాడు. ముందురోజు మనిషి పోయిన బావి. వాకిలంతా వాసన. భయమేసింది. ఇద్దరు ఆడపిల్లల తండ్రినన్నాడు. తెల్ల ప్లాస్టిక్ సీసాలు రెండూ రావమ్మ చేతికిచ్చి నింపుకురమ్మన్నాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. వాకిట్లో ఉన్న కంపులో సీసాలో వాసన వేరుగా తెలియలేదు. తనే తోడినట్టు కాగితం రాసేశాడు.

"ఏ నీళ్ళు నింపమన్నారు?"

"బావి నీళ్ళనే చెప్పాను మేడమ్. మా పిల్లల మీద ఒట్టు."

అందరూ మంచం వైపు తిరిగారు.

రావమ్మ తొణకలేదు. "బావి నీళ్ళే అడిగాడు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పట్లేదు. నేనే ఇయ్యలా."

"ఎందుకు మామ్మా?"

"తాడు మీరు పట్టుకుపోతిరి. అడిగితే పక్కింటోళ్ళు ఇచ్చేవోళ్ళే. కానీ నాకే మనసొప్పలా." పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని తీసింది. "పరీక్ష చేత్తానన్నాడమ్మా. పరీక్షంటే ఏంది? నోట్లో పోసుకోవటమేగా. మా ఇంటాయన అట్టాగే చేసేవోడు, నా కొడుకూ అట్టాగే చేసేవోడు. నా బిడ్డని తినేసిన నీళ్ళు ఇంకో తల్లి బిడ్డ నోట్లో ఎట్టా పొయ్యను?"

రావమ్మ ఫిలిప్‌ని పరీక్షగా చూసింది. "నీకు ఒంట్లో బాగానే ఉందిగా, నాయనా?"

ఫిలిప్ ఏడ్చేశాడు. శౌరమ్మ అత్తగారి వైపు చూసింది. తిడుతుందేమో అనుకున్నారు. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

కృప కాగితాలు మడిచింది. ఈ అరుగు మీద దొంగని పట్టుకోవడానికి వచ్చింది. దొంగ లేడు. డబ్బు తీసుకున్నవాడు లేడు, ఇచ్చినవాడు లేడు. ఒక పిరికివాడు, ఫోన్ మాట్లాడుతున్న సాక్షి, తాడు పట్టుకుపోయిన తను, పరాయి బిడ్డని కాపాడాననుకున్న తల్లి.

హర్షవర్ధన్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొంతు మర్యాదగానే ఉంది.

"పెద్దావిడని ఏమీ అనకండి మేడమ్. పాపం. కానీ శాంపిల్ తప్పయితే శాంపిల్ లేనట్టే. శాంపిల్ లేకపోతే మా మీద కేసెక్కడిది?"

"మీ పాత బోరు చూపించండి."

"సిమెంట్ వేసి మూసేశాం కదండీ. సేఫ్టీ కోసం. బావి పూడ్చిన వారంలోనే."

దాన్ని మళ్ళీ తవ్వించే దారి చట్టంలో దొరకలేదు.

ఆ రాత్రి కాగితం మీద ఉన్నదున్నట్టు రాసింది, ఒక్క రావమ్మ పేరు తప్ప. శాంపిల్ బావిలోది కాదని రాసింది. తాడు సంగతి, డబ్బా సంగతి రాసింది. మర్నాడు పదకొండింటికి బోర్డు వాళ్ళ ముందు పెట్టింది. వాళ్ళు శ్రద్ధగానే చదివారు. రిపోర్టు చెల్లదన్నారు. కలుషితమైందనడానికి వేరే ఆధారం ఉందా అని అడిగారు. పోస్ట్‌మార్టం రిపోర్టు చూపితే, విషవాయువు ఏ పాత బావిలోనైనా పుడుతుందన్నారు. చుట్టుపక్కల బోర్ల అంకెలు చెప్పింది. డెల్టాలో ఉప్పునీళ్ళు సహజమే కదా అన్నారు. అదీ నిజమే. పదకొండూ ఇరవైకి హియరింగ్ అయిపోయింది. పర్మిట్ అయిదేళ్ళకి పొడిగించారు.

ఆమోసుది ప్రమాదవశాత్తు మరణమని ఆగస్టులో ఫైలు మూసేశారు. ఫైలు మూశాక సీజ్ చేసిన వస్తువులు ఇంటివాళ్ళకి తిరిగివ్వాలి. అది రూలు. బాలశౌరి తీసుకెళ్తానన్నాడు. కృప వద్దని, తనే జీపులో పెట్టుకుని వెళ్ళింది.

బావి ఉన్నచోట గోంగూర మొక్కలు వేశారు. పెద్దగా ఎదగలేదు. ఆకులు పసుపు తిరిగాయి.

రావమ్మ రసీదు మీద వేలిముద్ర వేసి, తాడు, బకెట్టు, గిలక తీసుకుంది. తాడుని రెండు చేతులతో తడిమింది. నడుముకి కట్టుకున్న చోట ముడి ఇంకా అలాగే ఉంది.

"కూర్చో అమ్మా. ఎండన పడి వచ్చావు," అంటూ లోపలికి వెళ్ళి, నీలం చేప బొమ్మ డబ్బాలోంచి గ్లాసు నింపి తెచ్చింది. "మంచియ్యే. తాగు."

కృప తాగింది. రావమ్మ గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడి, ఆమె ముఖంలోకే చూస్తూ ఉంది.