పిలిస్తే వచ్చే మనిషి

పొద్దున్నే కుట్టు మిషన్ మోటారు స్విచ్ వేయగానే గోడలోంచి టప్పుమని చప్పుడొచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ ఆగింది. వెనక గదిలో ఫ్యాన్ ఆగింది. మంచం కింద పెట్టిన చిన్న పంపు కూడా ఆగింది. టైలరమ్మ చెవి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది కాబట్టి, అన్నిటికంటే ముందు ఆవిడకి తెలిసింది అదే.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆవిడ భర్త గాలి పరుపు మీదే ఉంటున్నాడు. పంపు ఆగితే పరుపులో గాలి మెల్లగా దిగిపోతుంది. అప్పుడు పెద్దాయన తుంటి చెక్కకు ఆనుతుంది, ఆనిన చోట పుండు పడుతుంది. ఒకసారి పడ్డ పుండు మానడానికి చలికాలమంతా పట్టింది. మళ్ళీ పడకూడదని తల్లీకూతుళ్ళు ఆయన్ని అటూ ఇటూ తిప్పుతుంటారు. ఒకరు భుజం పట్టాలి, ఒకరు నడుం పట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ల్యాబ్‌లో రక్తం నమూనాలు తీసే ఉద్యోగం కూతురిది. బయల్దేరబోతూ చెప్పులు వేసుకుంటున్నదల్లా విప్పేసి, వంటింటి స్విచ్‌బోర్డు దగ్గర ముక్కు పెట్టి చూసింది.

"కాలింది" అంది.

ముందు గదిలో కరెంటు ఉంది. అక్కణ్ణుంచి పొడుగు వైరు లాక్కొచ్చి పంపుకి తగిలించింది. పంపు మళ్ళీ గుర్రుమంది.

"ఇవాళ్టికి సెలవు పెడతా. మనిషిని నేను వెతుకుతా. నువ్వు మాత్రం అతనికి ఫోన్ చెయ్యకు."

"ఎవరికే?"

"తెలీనట్టు అడక్కమ్మా."

అతనంటే కూతురి మాజీ భర్త. ఎలక్ట్రీషియన్. ఫోన్ ఎత్తగానే 'నిమిషంలో ఉంటా' అంటాడు, అన్నట్టే వచ్చేస్తాడు. అందుకని వీధి వీధంతా అతన్ని నిమిషం అనే పిలుస్తుంది. విడాకులై మూడేళ్ళు దాటింది. అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఒక కొడుకు పుట్టాడు. అయినా ఫ్యాను ఆగినా, మోటారు మొరాయించినా టైలరమ్మ వేలు అతని నంబరు మీదికే పోయేది. కూతురు డ్యూటీలో ఉన్న వేళ చూసి పిలిచేది. విడిపోయాక అతను ఆవిణ్ని అత్తయ్యా అనడం మానేశాడు. మరేమనీ పిలవలేదు. 'చెప్పండి' అనేవాడు, వచ్చేవాడు, పని చేసి పోయేవాడు.

పోయిన నెల కూతురు కనిపెట్టేసింది. ఎవరూ చెప్పలేదు, స్విచ్‌బోర్డే చెప్పింది. అతను బిగించిన స్క్రూల తలల మీద గాట్లన్నీ ఒకేలా నిటారుగా ఉంటాయి. అది అతని అలవాటు. కూతురు ఆ బోర్డు ముందు కాసేపు నిలబడి, తల్లి వైపు తిరిగింది.

"ఇంకోసారి ఈ ఇంట్లో స్క్రూలు ఇలా కనబడితే నేను హాస్టల్లో గది తీసుకుంటా. నాన్నని నువ్వొక్కదానివే తిప్పుకో."

అరవకుండా అంది. అందుకే టైలరమ్మ భయపడింది.

కూతురు ఫోన్ పట్టుకుని మనుషుల వేటలో పడింది. మొదటివాడు "దగ్గర్లోనే ఉన్నా అక్కా, అరగంట" అన్నాడు. రెండు అరగంటలు పోయాక ఫోనే ఆపేశాడు.

"దగ్గర్లో అంటే ఎక్కడికి దగ్గర్లోనో నువ్వు అడిగావు కాదు" అంది టైలరమ్మ.

రెండో నంబరు హార్డ్‌వేర్ కొట్టువాడు ఇచ్చాడు. ఆ మనిషి తొందరపడకుండా మాట్లాడాడు. ఇవాళ వేరే ఇల్లు ఒప్పుకున్నాడట. ఐదు దాటితే పని పెట్టుకోడట, ఇంటికి పోతాడట. రేపు తొమ్మిదింటికి వస్తాడట. అందాకా ఆ బోర్డు ముట్టుకోవద్దట.

టైలరమ్మ కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఇవాళ కాలితే రేపొస్తావా నాయనా? రేపటికి మాకేం మిగులుతుంది?" అని పెట్టేసింది. "ఐదింటికల్లా ఇంటికి పోడానికి బ్యాంకు మేనేజరా ఏమన్నానా?"

మూడోవాడు వచ్చాడు. చేతులూపుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఇంట్లో టెస్టరుందా?"

"టెస్టరుంటే నిన్నెందుకు పిలుస్తాం?"

"పోనీ కత్తెర?"

కత్తెర బల్ల మీదే ఉంది. ముప్పై ఏళ్ళుగా బట్ట తప్ప మరేదీ కొయ్యని కత్తెర. దాంతో వాడు వైరు తోలు ఒలుస్తుంటే టైలరమ్మకి తన తోలు ఒలిచినట్టయింది. రెండు కొసలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, స్విచ్ వేశాడు. ఫ్రిజ్ మళ్ళీ మొదలైంది. "ఇంక చూసుకోనక్కర్లేదు" అని వెళ్ళిపోయాడు.

టైలరమ్మ కత్తెరని గుడ్డతో తుడిచింది. అంచు మీద వేలు పెట్టి చూసింది. గంటు పడింది.

"చూశావా? ఇదీ నువ్వు వెతికి తెచ్చిన మనిషి పని. అవతల బంగారంలాంటివాణ్ని వదిలేసుకుని..."

"మొదలుపెట్టకమ్మా."

"మొదలుపెట్టక? అప్పుడూ అడిగాను. తాగుతాడా అంటే లేదన్నావు. కొడతాడా అంటే లేదన్నావు. ఇంకెవరన్నా ఉందా అంటే లేదన్నావు. మరి ఏం కష్టమొచ్చిందే నీకు?"

"చెప్పానుగా. ఇంటికి రాడు."

"పనికి పోయిన మగాడు పనయ్యాక వస్తాడు. ఎవరైనా పిలిస్తే కాదనలేని మనిషి. అది తప్పా?"

కూతురు తండ్రి గదిలోకి వెళ్ళి నడుం దగ్గర చేతులు పెట్టి, భుజం పట్టడానికి తల్లి వస్తుందని ఎదురుచూసింది. టైలరమ్మ వచ్చింది. ఇద్దరూ ఆయన్ని పక్కకి తిప్పారు. పెద్దాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆయనకి మాట పోయింది గాని, ఇంట్లో ఏం జరుగుతోందో అన్నీ తెలుస్తాయి.

సాయంత్రం కూతురు మందుల కొట్టుకి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే చుట్టిన టేపులోంచి పొగ మొదలైంది. టైలరమ్మ పరుగున వెళ్ళి మెయిన్ కట్టేసింది. ఇల్లంతా చీకటైంది, పంపు ఆగింది. ఆవిడ పరుపు మీద అరచెయ్యి వేసి నొక్కింది. మెత్తగా దిగింది. కూతురికి ఫోన్ చేస్తే మోగుతోంది గాని తీయలేదు. ఇంకోసారి పరుపు నొక్కి చూసింది. తర్వాత ఆ నంబరు నొక్కింది.

ఒక్క రింగుకే ఎత్తాడు. "చెప్పండి."

చెప్పింది.

"నిమిషంలో ఉంటా."

ఉన్నాడు. బండి స్టాండు వేసి, సంచీ భుజాన వేసుకుని, దారి అడగకుండా వంటింట్లోకి నడిచాడు. స్టూలెక్కి, టేపు ఊడబీకి, "ఎవడు చేశాడిది?" అన్నాడు. ఆవిడ టార్చి పట్టుకుంది. కాలిన లైను విడగొట్టి పక్కన పెట్టి, మెయిన్ వేయమన్నాడు. ముందు గదిలో దీపం వెలిగింది. లోపల పంపు గుర్రుమంది.

"ఇక్కడితో ఆపితే వంటింటికి కరెంటుండదు. కొత్త లైను లాగేస్తా" అంటూ అతను వైరు చుట్ట విప్పాడు.

అప్పుడు అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులూ ఖాళీ లేవు. "కాస్త తీసి స్పీకర్ నొక్కండి" అన్నాడు. ఆవిడ నొక్కి, అతని చెవి దగ్గర పట్టుకుంది.

"ఎక్కడున్నారండీ?" ఆడగొంతు. వెనకాల పసివాడి ఏడుపు. "వీడికి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నారుగా. గేటు దగ్గర నిలబడి ఉన్నాం."

"దారిలో ఉన్నా."

"ఇందాకా అదే అన్నారు."

"దారిలోనే ఉన్నా. నిమిషం."

స్టూలు మీద నిలబడి, వైరు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అతను ఆ మాట అన్నాడు. తడబడలేదు. ఫోన్ పెట్టేయమని తలూపి, టైలరమ్మని చూసి నవ్వాడు. ఇంట్లోవాళ్ళ సంగతి మనకి తెలిసిందేగా అన్నట్టు నవ్వాడు.

ఆ నవ్వు ఆవిడ ఎరుగును. వాళ్ళు విడిపోవడానికి ముందు ఏడాది, ఇలాగే ఒక సాయంత్రం, ఆవిడ ఇస్త్రీపెట్టె పాడైతే వచ్చాడు. ఆర్డరు బట్టలు మర్నాటికి ఇవ్వాలి. ఆవిడ మిషన్ కుడుతూ ఉంది, అతను నేల మీద కూర్చుని ఇస్త్రీపెట్టె విప్పాడు. ఫోన్ రెండు మూడుసార్లు మోగింది. 'దారిలో ఉన్నా' అని పెట్టేసి ఇలాగే నవ్వాడు. ఆవిడా నవ్వింది, టీ పెట్టి ఇచ్చింది, మా అల్లుడిలాంటివాడు ఉండడని పక్కింటావిడతో చెప్పుకుంది. ఆ సాయంత్రమే కూతురు కడుపునొప్పితో ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. కడుపు నిలవలేదని మర్నాడు కబురొచ్చింది. ఆ రెండు సంగతులూ ఒకే సాయంత్రానివని టైలరమ్మ ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనుకోలేదు.

చేతిలో టార్చి కిందికి దిగిపోయింది.

"కాస్త పైకి పట్టండి" అన్నాడు అతను.

"దిగండి బాబూ."

"ఇంకెంత, కొంచెమే..."

"దిగండి. ఇంటికి వెళ్ళండి."

"మరి వంటిల్లు?"

"చీకట్లో ఉంటుంది. ఏం కాదు."

అతను దిగాడు. "పోనీ పొద్దున్నే వచ్చి..."

"రావద్దు. నేనింక పిలవను."

చేతిలోని పని లాగేసుకున్నట్టు చూశాడు. "నేనేం తప్పు చేశానని?"

"పిలిస్తే వచ్చారు. పిలిచినదాన్ని నేను."

అతను సామాను సంచీలో వేసుకున్నాడు. బోర్డు మూత పెట్టి స్క్రూలు బిగించాడు. చివరి స్క్రూ గాటు ఏటవాలుగా ఆగితే, నిలబెట్టడానికి మళ్ళీ స్క్రూడ్రైవర్ తీయబోయాడు.

"అది వదిలెయ్యండి. వాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు" అంది టైలరమ్మ.

వెనక్కి తిరిగితే గుమ్మంలో కూతురుంది, చేతిలో మందుల సంచీతో. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అతను తల దించుకుని "వస్తానత్తయ్యా" అన్నాడు. ఆ పిలుపు తనకే కొత్తగా వినబడ్డట్టు ఆగి, కూతురి పక్కనుంచి బయటికి నడిచాడు. బండి చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

హాస్టల్ మాట వస్తుందని టైలరమ్మ ఎదురుచూసింది. కూతురు సంచీ కింద పెట్టి, తండ్రి గదిలోకి వెళ్ళి, పరుపు నొక్కి చూసింది. నడుం దగ్గర చేతులు పెట్టింది. టైలరమ్మ వెళ్ళి భుజం పట్టింది. తిప్పడం అయ్యాక కూడా చేతులు తీయలేదు.

"ఆ రోజు..." అంది. "ఆ రోజు అతను నా ఇస్త్రీపెట్టె బాగుచేస్తున్నాడే."

"తెలుసు."

"తెలుసా?"

"దారిలో ఉన్నా అన్నాడు. వెనకాల నీ మిషన్ చప్పుడు వినబడింది."

టైలరమ్మ మంచం పట్టె మీద కూలబడింది. "మరి నాకు చెప్పలేదేమే?"

"తాగుతాడా, కొడతాడా అని అడిగావు. మా అమ్మ ఇస్త్రీపెట్టె బాగుచేస్తాడని ఏ మొహంతో చెప్పను? నువ్వే కాదులే అమ్మా. అందరూ పిలిచేవాళ్ళు. నేను పిలిస్తేనే వచ్చేవాడు కాదు. విడిపోయాక ఒకసారి మా ల్యాబ్‌లో కరెంటు పోతే ఎవరో ఫోన్ చేశారు. నిమిషంలో వచ్చాడు."

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. కూతురు ఏడవలేదు. ఆమె ఆ ఏడుపు ఎప్పుడో అవగొట్టుకుంది. తల్లి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. పెద్దాయన కదిలే చేతిని పరుపు మీద జరిపి జరిపి, భార్య మోకాలి దాకా తెచ్చి ఆపాడు.

వంటిల్లు చీకట్లోనే ఉంది. ఆ పూట రొట్టె ముక్కలు తిని నీళ్ళు తాగారు.

"ఆ రేపొస్తానన్నాయన నంబరుందా?" అంది టైలరమ్మ.

"నువ్వు తిట్టి పెట్టేశావుగా."

"ఇలా ఇయ్యి. నేనే మాట్లాడతా."

ఐదు దాటిపోయింది కదా, ఆయన ఎత్తలేదు. పొద్దున్నే ఎత్తాడు. అన్నట్టే తొమ్మిదింటికి వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, సొంత టెస్టరు, సొంత కత్తెర తెచ్చుకున్నాడు. పొగచూరిన గోడని చూసి, "ముట్టుకోవద్దన్నానుగా" అన్నాడు. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. "ఇవాళ కుదరదండీ" అని పెట్టేశాడు. ఇంకోసారి మోగింది. "ఇంకో బోర్డుంది. అవగానే అన్నానికి వస్తా. నువ్వు తినెయ్" అన్నాడు. వంటింట్లోనే నిలబడి, నిజంగా ఆ పూటకి ఇంకో బోర్డే మిగిలి ఉండగా ఆ మాట అన్నాడు.

ఐదయ్యేసరికి వంటింట్లో దీపం వెలిగింది. కుట్టు మిషన్ లైను మాత్రం మిగిలింది. ఇంకో గంట ఉంటే అయిపోతుందిగా అన్న మాట టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది.

"మిగతాది రేపమ్మా" అన్నాడు ఆయన.

"వెళ్ళి రండి. ఇంట్లో చూస్తుంటారు."

ఆయన వెళ్ళాక కూతురు డ్యూటీ నుంచి వచ్చింది. సంచీ భుజం మీద ఉండగానే స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళి నిలబడింది. నాలుగు స్క్రూలూ నాలుగు వైపులకి వాలి ఉన్నాయి. ఒకదాని మీద వేలు పెట్టి చూసింది. గట్టిగానే ఉంది.

"రామ్మా, నాన్నని తిప్పుదాం" అంది.