హడావిడిని ఎవరు తిప్పాలి?

"తాతయ్యా, నువ్వు లేవకు! నేనున్నానుగా!"

స్కూల్ బ్యాగు సోఫా మీదికి విసిరేసి, తూనీగ కుక్క మెడపట్టీకి తాడు తగిలించింది. ఇంట్లో అందరూ ఆ పిల్లని తూనీగ అనే పిలుస్తారు. ఒక్కచోట నిలిస్తే ఒట్టు! కుక్క పేరు హడావిడి. ఆ పేరు పెట్టింది కూడా తూనీగే.

తాతయ్య టైలరు. మోకాలి ఆపరేషన్ అయ్యి ఇంట్లో ఉంటున్నాడు. కాలు బాగా వంగితేగానీ కుట్టుమిషన్ తొక్కలేడు. అందుకే రోజూ సాయంత్రం హడావిడిని వీధిలో తిప్పుకొచ్చేవాడు. ఒకరోజు ఆయన నొప్పితో "అబ్బా" అనడం తూనీగ వింది. ఇంకేముంది, ఆ పని తన నెత్తిన వేసుకుంది.

"మా అమ్మాయి బంగారం!" అని అమ్మ మురిసిపోయింది. తూనీగకి కాళ్లు నేల మీద ఆనలేదు.

వీధి చివరిదాకా ఒకటే పరుగు. మళ్లీ వెనక్కి ఒకటే పరుగు. పని చిటికెలో అయిపోయేది. తాతయ్య మాత్రం కిటికీ దగ్గర కుర్చీలో మాటామంతీ లేకుండా కూర్చునేవాడు. రెస్ట్ తీసుకుంటున్నాడులే అనుకుంది తూనీగ.

ఆదివారం ఫిజియో అక్క వచ్చింది. తాతయ్య చేత కసరత్తులు చేయించేది ఆమే. మోకాలు మెల్లగా వంచి చూసి మొహం చిట్లించింది.

"ఇదేంటి తాతగారూ, పోయినసారి కంటే బిగుసుకుపోయింది? నడవడం మానేశారా?"

"ఏదోనమ్మా, కాస్త బద్ధకం" అని తాతయ్య నసిగాడు.

"ఇలాగైతే మిషన్ తొక్కడం కష్టమే. నేను చేయించే కసరత్తులన్నీ ఒక ఎత్తు, మీ కుక్క మిమ్మల్ని బయటికి లాక్కెళ్లడం ఒక ఎత్తు."

తూనీగ చటుక్కున ముందుకొచ్చింది. బద్ధకమా! తాతయ్య తనని వెనకేసుకొస్తున్నాడు.

"బద్ధకం కాదక్కా. నేనే వద్దన్నాను. నొప్పి పుడుతోందని..."

"కాస్త నొప్పి ఉంటుంది. మెల్లగా నడుస్తూ ఉంటేనే తగ్గుతుంది" అంది అక్క.

తూనీగ వెళ్లి తాతయ్యని ఆనుకుని కూర్చుంది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వంత ముచ్చటపడి చేస్తుంటే ఎలా చెప్పనే? కాలి సంగతి అలా ఉంచు. హడావిడిగాడు ప్రతి గేటు దగ్గరా ఆగి వాసన చూసేవాడు. ఈలోగా ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు నన్ను పలకరించేవాళ్లు. ఇక్కడ కూర్చుంటే ఏమీ తోచట్లేదు. దిగులుగా ఉంటోందే అమ్మలూ."

ఆ సాయంత్రం తూనీగ తాడు తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది. హడావిడి కుయ్యి కుయ్యిమంటూ ఆయన చుట్టూ తిరిగింది. తనతో అయితే గుర్రంలా పరిగెత్తే కుక్క, తాతయ్య పక్కన ఎంత బుద్ధిగా నడిచిందో! ఒక అడుగు వేసి ఆగుతుంది. తలెత్తి ఆయన్ని చూస్తుంది. ఆయన వచ్చాకే ఇంకో అడుగు.

వాకిట్లో మెట్ల దగ్గర తాతయ్య ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తూనీగ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. చప్పున వెనక్కి తీసుకుంది.

హడావిడి మెట్ల కింద కూర్చుంది. తూనీగ కూడా దాని పక్కనే చతికిలబడింది.

"నువ్వే దిగు తాతయ్యా. ఎంతసేపైనా సరే, మేమిద్దరం ఆగుతాం."